సీరియల్‌కి వయసు నేర్పిన ఇర్నా

2022లో ‘కార్తీకదీపం’లో డాక్టర్ బాబునీ వంటలక్కనీ కారు ప్రమాదంలో చంపేసి, బడికెళ్లే శౌర్యనీ హిమనీ చూస్తుండగానే పెళ్లీడు పిల్లల్ని చేసేసినప్పుడు మా గండిమైసమ్మలో ఆడవాళ్లకి కొన్నాళ్లు అదే కబురు. మైసమ్మ గుడి దగ్గర కూరగాయలు బేరమాడుతున్నా అదే, చౌరస్తాలో మేడ్చల్ బస్సు కోసం నిలబడ్డా అదే. కొన్ని నెలలకి ఆ ఇద్దరూ బతికే ఉన్నారని వెనక్కి తెచ్చారనుకోండి, అది వేరే సంగతి. మా వీధిలో ఒక పెద్దావిడ మాత్రం అసలు ప్రశ్న వేసింది. సీరియళ్లలో పిల్లలు రాత్రికి రాత్రే పెరుగుతారు సరే, వాళ్ల తల్లులకి తల నెరవదేం?

ఈ ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూ పోతే దారి హైదరాబాద్ స్టూడియోల దగ్గర ఆగదు. ముంబయి దాటి, సముద్రాలు దాటి, అమెరికాలో షికాగో అనే ఊళ్లో ఓ పెళ్లికాని టీచరమ్మ దగ్గర తేలుతుంది. ఆవిడ పేరు ఇర్నా ఫిలిప్స్. రోజూ వచ్చే సీరియల్ అన్నదాన్ని ఈ లోకానికి అలవాటు చేసిన మనిషి. ఆవిడ పోయి యాభై ఏళ్లు దాటింది.

ఇర్నా 1901 జూలై 1న షికాగోలో పుట్టింది. జర్మనీ నుంచి వలస వచ్చిన యూదు కుటుంబం. పదిమంది పిల్లల్లో ఆఖరిది. తండ్రికి చిన్న కిరాణా కొట్టు. ఇర్నాకి ఎనిమిదేళ్లున్నప్పుడు ఆయన పోయాడు. తల్లే అందర్నీ ఒడ్డున పడేసింది. ఆఖరి సంతానానికి మిగిలేది అక్కల పాత గౌన్లూ, ఒంటరితనమూనూ. ఈ పిల్ల తనలో తనే కథలు అల్లుకుంటూ పెరిగింది.

నటి కావాలని ఆమె కోరిక. నాటక శాస్త్రం చదివింది కూడా. రంగస్థలానికి సరిపడే అందం లేదని అక్కడి పెద్దలు చెప్పేశారు. పంతొమ్మిదేళ్ల వయసులో ఇంకో దెబ్బ తగిలింది. నమ్మినవాడు గర్భవతిని చేసి వదిలేశాడు, బిడ్డ చనిపోయి పుట్టింది. వందేళ్ల కిందటి మాట ఇది. అమెరికా అయినా ఆడపిల్ల విషయంలో లోకం మన లోకమే. ఆమె ఆ సంగతి కడుపులోనే దాచుకుని, ఒహాయో రాష్ట్రంలో టీచర్ల కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ కాలం గడిపింది. ఈ సంగతి గుర్తుంచుకోండి, చివర్లో మళ్లీ అవసరం పడుతుంది.

1930లో షికాగో రేడియో కేంద్రం డబ్ల్యూజీఎన్ ఆమెని ఆడవాళ్ల కోసం రోజూ వచ్చే ఓ కుటుంబ కథ రాయమంది. 1930 అక్టోబర్ 20న ‘పెయింటెడ్ డ్రీమ్స్’ మొదలైంది. ఐర్లండ్ నుంచి వలస వచ్చిన ఓ తల్లీ, పెళ్లి కావలసిన కూతురూ, ఇంట్లో ఉండే మరో ఆడమనిషీ. అంతే కథ. రాసింది ఇర్నా, ఆ తల్లి గొంతుతో మాట్లాడిందీ ఇర్నాయే. అందం లేదని వెనక్కి పంపిన లోకానికి రేడియోలో మొహంతో పనేముంది!

తర్వాత ఈ కథలకి సబ్బుల కంపెనీలు డబ్బు పెట్టడం మొదలెట్టాయి. ఏరియల్, టైడ్ పౌడర్ల ద్వారా మనకీ తెలిసిన ప్రోక్టర్ అండ్ గ్యాంబుల్ అందులో పెద్దది. వినేది ఇల్లాలు, సబ్బు కొనేదీ ఇల్లాలే కదా. అలా వాటికి ‘సోప్ ఒపెరా’ అన్న పేరొచ్చింది. పత్రికలవాళ్లు కాస్త వెటకారంగా పెట్టిన పేరే అది. ఆడవాళ్లు మెచ్చినదానికి వెటకారం తప్పదేమో!

ఆ కథ బాగా నడుస్తుంటే దేశమంతా వినిపించే పెద్ద రేడియోకి తీసుకెళ్దామంది ఇర్నా. హక్కులు మావి, కదపడానికి వీల్లేదంది డబ్ల్యూజీఎన్. ఆమె ఉద్యోగం వదిలేసి కోర్టుకెక్కింది. ఏళ్లపాటు తిరిగి, ఓడిపోయింది. కానీ బుద్ధి వచ్చింది. ఆ తర్వాత రాసిన కథల మీద హక్కు ఎవరిదన్న విషయంలో ఆమె ఎంత జాగ్రత్తపడిందో చూస్తే, పారితోషికం మనియార్డరు రాలేదే అని ఎదురుచూసే మాబోటి రచయిత్రులకి ముచ్చటేస్తుంది.

1932లో పేర్లు మార్చి, దాదాపు అదే ఇంటిని ‘టుడేస్ చిల్డ్రన్’ పేరుతో మళ్లీ నిలబెట్టింది. అందులో తల్లి పాత్రకి మూలం తన కన్నతల్లి. ఇర్నా పెళ్లి చేసుకోలేదు, అమ్మతోనే ఉండేది. 1930ల చివర్లో ఆ తల్లి కన్నుమూసింది. సీరియల్ మాత్రం మంచి ఊపులో ఉంది. వేరే గొంతు పెట్టుకుని లాగించవచ్చు, లేదా తల్లిని యాత్రలకి పంపేసి కథ నడిపించవచ్చు. ఇర్నా ఏకంగా ఆ కథనే ఆపేసింది. 1943లో అదే పేరుతో మరో సీరియల్ వచ్చింది గానీ, ఆ ఇల్లు వేరు, ఆ మనుషులు వేరు.

నాకు ఈ సంగతి చదివినప్పుడు ఆవిడ మీద గౌరవం కలిగింది. ఎందుకంటే సీరియల్ రాసేవాళ్లకి అన్నింటికన్నా కష్టమైన పని ఆపడం.

1937 జనవరి 25న ‘గైడింగ్ లైట్’ మొదలైంది. రోజుకి పావుగంట, వారానికి అయిదు రోజులు. ఇక్కడే ఇర్నా సీరియల్ నడకని కనిపెట్టింది. వినే ఆడమనిషి ఒకచోట కూర్చుని వినదు. ఇస్త్రీ చేస్తూ, పిండి కలుపుతూ, ఏడ్చే పిల్లని ఎత్తుకుని వింటుంది. మధ్యలో పాలు పొంగుతాయి, ఎవరో తలుపు కొడతారు. ఒక మాట తప్పిపోయినా కథ తప్పిపోకూడదు. అందుకని ఒక సంగతిని ముందు భార్యకి తెలిసేట్టు చేస్తుంది, మర్నాడు ఆ భార్య తల్లితో చెప్పుకుంటుంది, ఆ మర్నాడు తల్లి కొడుకుని నిలదీస్తుంది. జరిగింది ఒకటే. కానీ మూడు రోజులు మూడు గుండెల్లోంచి వింటాం. మా వీధిలో కరెంటు పోయిన రాత్రి సీరియల్ తప్పిపోయిన వాళ్లకి, మర్నాడు కథ అర్థం కాకపోవడమనేది ఎప్పుడూ జరగదు. ఆ ఉపాయం అప్పటిదే.

అయితే ఒక తేడా ఉంది, చెప్పకపోతే అన్యాయం. ఇర్నా నిదానం వేరు, మన సీరియళ్ల సాగతీత వేరు. ఆమె నిదానంలో మనుషులు మాట్లాడుకుంటారు, ఆలోచిస్తారు, మనసు మార్చుకుంటారు. మన దగ్గర అత్తగారు గుమ్మంలోకి రాగానే ఇంట్లో ఉన్న తొమ్మిదిమంది మొహాలూ మూడేసిసార్లు చూపించి, ఉరుములు ఉరిమించి, రేపటిదాకా ఆగమంటారు. ఆ కాస్సేపట్లో ఎవరి మనసులోనూ ఏమీ జరగదు. కాలం జరుగుతుంది, అంతే.

1940ల నాటికి ఆమె చేతిలో ఒకేసారి అయిదారు సీరియళ్లు నడిచేవి. ఏడాదికి దాదాపు 20 లక్షల మాటలు! కలం పట్టి రాసేది కాదు. గదిలో అటూ ఇటూ తిరుగుతూ, ఒక్కో పాత్రకి ఒక్కో గొంతు పెట్టి తనే నటిస్తూ చెప్పుకుపోతుంటే సెక్రటరీ టైపు చేసుకునేది. కథలో జబ్బు వస్తే డాక్టర్నీ, కేసు వస్తే లాయర్నీ అడిగి తెలుసుకునేది. రేడియో కథల్లో డాక్టర్లూ నర్సులూ లాయర్లూ ముఖ్య పాత్రలు కావడం ఆమెతోనే ఎక్కువైంది. అన్నట్టు, ఇర్నాకి తన ఒంట్లో ఏదో ఉందన్న భయం జన్మంతా వదల్లేదు, డాక్టర్ల దగ్గరికి తిరుగుతూనే ఉండేది. ఆ తిరుగుడంతా కథల్లోకి పనికొచ్చింది!

ఈ రోజుల్లోనే ఒక తమాషా జరిగింది. ఆగ్నెస్ నిక్సన్ అనే కాలేజీ అమ్మాయికి రచయిత్రి కావాలని పట్టుదల. వాళ్ల నాన్నది శవాలకి తొడిగే దుస్తులు తయారుచేసే వ్యాపారం, కూతురు అందులోకి రావాలని ఆయన కోరిక. ఇర్నా లాంటి పేరున్న మనిషి రెండు మాటలు చెప్తే ఈ పిచ్చి వదులుతుందని ఆయనే కూతుర్ని ఆమె దగ్గరికి పంపించాడు. ఇర్నా ఆ పిల్ల రాసిన స్క్రిప్టు తీసుకుని ఎదురుగా పైకి చదివింది. చదవడం అయ్యాక నాన్నగారి ఆశ తీరలేదు, అమ్మాయికి ఉద్యోగం దొరికింది. తర్వాతి కాలంలో ఆగ్నెస్ తనంత తానుగా పెద్ద సీరియళ్లు సృష్టించింది. ఇర్నా దగ్గరే పని నేర్చుకున్న ఇంకొకతను విలియం బెల్. కేబుల్ వచ్చిన కొత్తల్లో స్టార్ ప్లస్‌లో ‘ద బోల్డ్ అండ్ ద బ్యూటిఫుల్’ చూసినవాళ్లు మనలోనూ ఉన్నారుగా, దాన్ని భార్యతో కలిసి సృష్టించింది ఆయనే.

టీవీ వచ్చాక చాలామంది వెనకాడారు. రేడియోలో చెవులకి సరిపోయేది, టీవీ ముందు కూర్చోవాలంటే ఇల్లాలికి తీరికెక్కడిదని కంపెనీల భయం. 1952 జూన్ 30న ‘గైడింగ్ లైట్’ టీవీకెక్కింది. నాలుగేళ్లపాటు రేడియోలో కూడా నడిచింది. అప్పటికి అన్నీ పావుగంట సీరియళ్లే. ఇర్నా మాత్రం అరగంట కావాలని పట్టుపట్టింది. గంటలో నాలుగో వంతు మనుషుల్ని చూపించడానికి చాలదని ఆమె వాదన. కంపెనీ వాళ్లని ఒప్పించడానికి ఏళ్లు పట్టింది. 1956 ఏప్రిల్ 2న అరగంట సీరియల్ ‘యాజ్ ద వరల్డ్ టర్న్స్’ మొదలైంది.

ఇందులో కథ అంటూ చెప్పడానికి ఏముంది? నాన్సీ హ్యూజ్ అనే ఇల్లాలు, భర్త లాయరు, పిల్లలు, మామగారు. వంటింట్లో బల్ల, దాని మీద కాఫీ. జరిగేవన్నీ ఆ బల్ల దగ్గరే మాటల్లోకి వస్తాయి. నాన్సీగా వేసిన హెలెన్ వాగ్నర్ కాఫీ పోసే తీరు నచ్చలేదని ఇర్నా మొదట్లోనే ఆమెని తీసేసిందంటారు. కొద్దికాలానికే వెనక్కి పిలిచారు. నవ్వొచ్చినా, అందులో నాకో సంగతి కనిపించింది. వంటింట్లో పాతికేళ్లు తిరిగిన చెయ్యి ఎలా కదులుతుందో ఇర్నాకి తెలుసు. చూసేవాళ్లకీ తెలుసు. మన సీరియల్లో కోడలు పట్టుచీర కుచ్చిళ్లు నలక్కుండా పొయ్యి దగ్గర నిలబడితే మనకి తెలిసిపోవడం లేదూ?

ఆ సీరియల్లో క్యాలెండరు మన క్యాలెండరే. బయట క్రిస్మస్ వస్తే లోపలా క్రిస్మస్. 1963 నవంబర్ 22న సీరియల్ లైవ్‌గా నడుస్తుండగా ప్రెసిడెంట్ కెనడీ మీద కాల్పులు జరిగాయన్న వార్త తెర మీదికి వచ్చింది. ఆ క్షణాన నాన్సీ తన మామగారితో మాట్లాడుతున్నది ఆ తర్వాతి వారం రాబోయే పండగకి ఇంటికి ఎవర్ని పిలవాలన్న సంగతే. అమెరికాలో లక్షల ఇళ్లలో అదే మాట నడుస్తున్న సమయం మరి.

ఇంత కచ్చితంగా రోజులు లెక్కపెట్టిన ఇర్నా కథలు పిల్లల దగ్గరికొచ్చేసరికి ఆ లెక్క తప్పించేశాయి. నాన్సీ కొడుకు బాబ్, కోడలు లీసా. వాళ్ల కొడుకు టామ్ 1961లో పుట్టాడు. ఆ దశాబ్దం ముగిసేసరికి కాలేజీ ఈడువాడయ్యాడు! పదేళ్లలోపు పిల్లాడితో ప్రేమ కథ నడపలేరు, గొడవలు పెట్టలేరు, చిన్నపిల్లలతో షూటింగూ కష్టం. అందుకని ఏ హాస్టల్‌కో పంపడం, కొన్నాళ్లకి మీసాలొచ్చిన కుర్రాణ్ణి దింపడం. అక్కడి సీరియల్ పరిభాషలో దీనికి జబ్బు పేరు లాంటి పేరు కూడా ఉంది, సోప్ ఒపెరా ర్యాపిడ్ ఏజింగ్ సిండ్రోమ్ అని! మన ‘లీపు’కి తాతమ్మ ఇదే.

అయితే కొడుకు పెరిగితే తల్లి ఏమవ్వాలి? లీసాగా వేసిన ఐలీన్ ఫుల్టన్‌కి ఆ భయమే పట్టుకుంది. టామ్ ఈ వేగంతో పెరిగి పెళ్లి చేసుకుంటే తను ముప్ఫైల్లోనే నానమ్మ అయిపోతుంది, నానమ్మ అయితే కథ చేజారిపోతుంది. అందుకని తన పాత్రని నానమ్మని చేయకూడదని కాంట్రాక్టులోనే రాయించుకుంది. ‘నానమ్మ షరతు’ అని అది అక్కడ ప్రసిద్ధి. మా వీధి పెద్దావిడ అడిగిన ప్రశ్నకి సగం జవాబు ఇక్కడ దొరుకుతుంది. తల నెరవనిది ఆ నటీమణుల తప్పు కాదు. తల నెరిస్తే కథలోంచి జరిగి, కుర్చీలో కూర్చుని ఆశీర్వదించే పనికి వెళ్లాలి. ఏ ఆడమనిషి ఒప్పుకుంటుంది?

మిగతా సగం జవాబు నాన్సీ. ఆమె మాత్రం నెరిసింది, ముడతలు పడింది, మధ్యలో కొద్దిపాటి విరామాలతో 54 ఏళ్లు అదే పాత్రలో ఉంది.

నటుడు మానేస్తే పాత్రని ఏం చేయాలన్నది ఇంకో తలనొప్పి. 1962లో జెఫ్ అనే కుర్రాడి పాత్ర వేసే మార్క్ రైడెల్ మానేస్తానన్నాడు. ఆ పాత్రలోకి ఇంకొకర్ని తేలేదు. కారు ప్రమాదంలో జెఫ్ చనిపోయాడు, కొత్త పెళ్లికూతురు పెన్నీ ఒంటరిదైంది. చూసేవాళ్ల బాధ అంతా ఇంతా కాదు, ఉత్తరాలూ ఫోన్లూ వెల్లువెత్తాయి. మన దగ్గర ఇకపై ఈ పాత్రలో ఫలానావారు అని కింద అక్షరాలు వేసి, మొగుడి మొహం మారిపోయినా భార్య గుర్తుపట్టనట్టే నడిపించేస్తారు. ఈ రెండింటిలో ఏది నయమో చెప్పలేను గానీ, జెఫ్ కోసం ఏడ్చినవాళ్లకి కనీసం ఏడ్చే హక్కు మిగిలింది.

1962లోనే ‘గైడింగ్ లైట్’లో బెర్ట్ అనే ఇల్లాలి కథ వచ్చింది. అప్పటికి దాన్ని రాస్తున్నది శిష్యురాలు ఆగ్నెస్. బెర్ట్‌కి పాప్ పరీక్షలో గర్భాశయ క్యాన్సర్ తొలిదశలోనే బయటపడుతుంది. క్యాన్సర్, గర్భాశయం అన్న మాటలు వాడకుండా రాయాలని పైనుంచి షరతు! ఆ మాటలు లేకుండానే ఆమె రాసింది, ఆడవాళ్లకి అర్థమైంది, ఉత్తరాలు రాశారు. పన్నెండేళ్లుగా రోజూ మన ముందు తిరిగిన మనిషికి జబ్బు చేస్తే ఆ పరీక్ష మనమూ చేయించుకోవాలనిపిస్తుంది. గురువు నేర్పిన నిదానం ఇందుకు పనికొచ్చింది. ఆ బెర్ట్‌గా వేసిన చరీటా బావర్‌కి 1980ల్లో నిజంగానే కాలు తీసేయాల్సి వస్తే, కథలో బెర్ట్‌కీ కాలు తీయించి ఆమెని తెర మీదికి తెచ్చారు. అది ఇర్నా పోయిన చాలా ఏళ్లకి జరిగింది.

ఇంతమంది ఇల్లాళ్ల గురించి రాసిన ఇర్నా నాన్సీ కాదు. పెళ్లి కాకుండానే, ఒక కొడుకునీ ఒక కూతుర్నీ దత్తత తీసుకుని పెంచింది. సీరియళ్లు న్యూయార్క్‌లో తయారవుతున్నా ఆమె షికాగో వదల్లేదు. టీవీలో తన సీరియల్ చూడడం, వెంటనే ఫోన్ అందుకుని తప్పులు చెప్పడం. నటీనటులకి ఆ ఫోనంటే హడల్. ఎవర్ని ఎప్పుడు తీసేస్తుందో తెలియదు. మెత్తని మనిషేం కాదు. 1967లో ‘లవ్ ఈజ్ ఎ మెనీ స్‌ప్లెండర్డ్ థింగ్’లో రెండు జాతుల ప్రేమ కథ పెడితే, అది ఆపమని టీవీ వాళ్లు ఒత్తిడి చేశారు. కథ మార్చలేదామె, తనే బయటికొచ్చేసింది. 1964లో ‘అనదర్ వరల్డ్’, 1965లో టెడ్ కార్డే వాళ్లతో కలిసి ‘డేస్ ఆఫ్ అవర్ లైవ్స్’ కూడా ఆమె సృష్టించినవే. వాటి గురించి చెప్పుకుంటూ పోతే ఈ పేజీ చాలదు.

డెబ్భై దాటుతున్న వయసులో తన పాత ‘యాజ్ ద వరల్డ్ టర్న్స్’కి మళ్లీ రాయడానికి వచ్చింది. అప్పుడు కిమ్ అనే పాత్రని తెచ్చింది. ఎవరి మీదా ఆధారపడని, చేసిన పనికి తలవంచుకోని ఆడమనిషి. ఆ కిమ్‌లో తననే చూసుకుందని ఆమెని ఎరిగినవాళ్లు చెబుతారు. కిమ్ తన సొంత అక్క భర్తతో, అంటే మన నాన్సీ కొడుకు బాబ్‌తోనే, ఒక రాత్రి గడిపి గర్భవతి అవుతుంది. కథ రాసేవాళ్లు ఇలాంటిదానికి వెంటనే శిక్ష వేస్తారు. ఇర్నా వేయదలుచుకోలేదు. పదిహేనేళ్లుగా ఆ ఇంటిని తమ ఇల్లనుకుంటున్న ప్రేక్షకులకి అది మింగుడుపడలేదు, చూసేవాళ్లు తగ్గారు. 1973లో కంపెనీ ఇర్నాని పనిలోంచి తీసేసింది. తను పుట్టించిన ఇంట్లోంచి తననే పంపించేశారు. కిమ్‌కి ఆ బిడ్డ దక్కలేదు.

పంతొమ్మిదేళ్ల ఇర్నా సంగతి తెలిసిన నాకు ఈ కథ గురించి చదువుతుంటే చెయ్యాడలేదు. అర్ధశతాబ్దం ఎవరి కథలో అయినా కలిపి చెప్పగలిగిన మనిషి, దాన్ని డెబ్భైయేళ్ల వయసులో బయటపెట్టింది. అదీ వేరే ఆడమనిషి పేరుతో.

అదే ఏడాది డిసెంబర్‌లో ఇర్నా షికాగోలో కన్నుమూసింది. వయసు 72. క్రిస్మస్‌కి పలకరిద్దామని ఫోన్ చేసిన ఆగ్నెస్‌కి అప్పుడుగానీ ఆ కబురు తెలియలేదు.

కిమ్ పాత్ర మాత్రం బతికింది. ఏళ్లు గడిచాక ఆ బాబ్‌నే పెళ్లి చేసుకుని, ఆ ఇంటికి పెద్ద దిక్కయింది. ‘గైడింగ్ లైట్’ రేడియో, టీవీ కలిపి 72 ఏళ్లు నడిచి 2009 సెప్టెంబర్‌లో ఆగిపోయింది. 2010 మే 1న హెలెన్ వాగ్నర్ 91 ఏళ్ల వయసులో పోయింది, అప్పటికీ ఆమె నాన్సీయే. సెప్టెంబర్ 17న ‘యాజ్ ద వరల్డ్ టర్న్స్’ ఆఖరి భాగం వచ్చింది. 1956లో ఆ సీరియల్ మొదటి మాట నాన్సీ భర్తకి చెప్పిన పొద్దుటి పలకరింపు. ఆఖర్న ఆమె కొడుకు డాక్టర్ బాబ్, 1960 నుంచి అదే పాత్రలో ఉండి తెల్లజుట్టు ముసలాయన అయిన డాన్ హేస్టింగ్స్, రిటైరై ఆసుపత్రిలో తన గది ఖాళీ చేసి, శుభరాత్రి చెప్పి బయటికి నడిచాడు.